ఈకలావిడ మొక్కు

ఆ జపాన్ గాయని పేరు సరిగ్గా పలకడం నాకు ఇప్పటికీ రాదు. వచ్చినా ఇక్కడ రాయను. నేనూ మా అక్కా కలిసి ఆవిడ మీద వేసిన అభాండాలు చాలవా, మళ్ళీ పేరు కూడానా! మేం ఆవిడని ఈకలావిడ అనుకునేవాళ్ళం. నెత్తిన ఈకలు, భుజాల మీద ఈకలు, ఒక పాటలోనైతే చెప్పులకి కూడా ఈకలే. కోళ్ళఫారంలో సుడిగాలి లేచినట్టు స్టేజీ మీదికి వచ్చేది. ఆవిడ ధర్మమా అని నాకు ఒక ఉద్యోగం వచ్చింది, మోకాళ్ళు దాటిన జడ పోయింది. ఈ రెండింటిలో ఒక్కటీ ఆవిడకి తెలియదు.

అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు. అమెరికాలో, బాతెల్ అనే ఊళ్ళో మేమిద్దరం ఒక అపార్ట్‌మెంట్ పంచుకునేవాళ్ళం. ఆమెది వరంగల్, నాది తెనాలి. నాకంటే రెండేళ్ళు పెద్ద, అప్పటికే ఉద్యోగంలో కుదురుకున్న మనిషి, కాబట్టి పప్పులో చింతపండు ఎంత వేయాలన్న దగ్గర్నుంచి ఇంటర్వ్యూకి ఏ రంగు చొక్కా తొడుక్కోవాలన్న దాకా ఆమె మాటకి తిరుగులేదు. నేనేమో అప్పుడే మాస్టర్స్ పూర్తి చేసి ఉద్యోగం వెతుక్కుంటున్నాను. చదువయ్యాక ఉద్యోగం లేకుండా మొత్తం తొంభై రోజులకి మించి ఉండకూడదని మా వీసా నియమం. ఫ్రిజ్ మీద క్యాలెండర్ అతికించి అక్క రోజుకొక గడి కొట్టేసేది. నాకు ప్రోత్సాహం కోసమట. జైల్లో గోడల మీద కూడా ఇలాగే గీస్తారని నేనంటే, "జైల్ల అంట్లన్నా తోముతరే, నువ్వు అది గూడ చేస్తలేవు," అంది.

ఒక సాయంత్రం అక్క ఆవకాయ అన్నం కలుపుకుంటూ, ఎంగిలి చెయ్యి తగలకూడదని మోచేత్తో టీవీ రిమోట్ నొక్కింది. ఏదో పాత జపాన్ కార్యక్రమం తెరుచుకుంది. మార్చేలోపే ఈకలావిడ వచ్చేసింది. నెత్తి మీద రెండడుగుల ఎత్తు జుట్టు, ఆ జుట్టులో వెలిగి ఆరే చిన్న చిన్న బల్బులు. బ్యాటరీ ఎక్కడ పెట్టుకుందో ఆ దేవుడికే తెలియాలి. చరణం మధ్యలో ఒక బల్బు టప్పున పేలింది. జుట్టులోంచి సన్నగా పొగ కూడా లేచింది. ఆవిడ కనురెప్ప వేయలేదు, తాళం తప్పలేదు. ఇద్దరం నోటి దాకా వచ్చిన ముద్దని అలాగే పట్టుకుని చూశాం.

"పాట అర్థం కావాలె గదా," అని అక్క సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, కింద వచ్చే అనువాదానికి భాష ఎంచుకోమంటే తెలుగు నొక్కింది. ఇంగ్లీష్ కూడా ఉంది కదక్కా అన్నాను.

"పొద్దంత ఆఫీస్‌ల ఇంగ్లీషే. అన్నం తినేటప్పుడు గూడ అదేనా? బుర్రకి జర రెస్ట్ ఇయ్యి," అంది.

తప్పంతా అక్కడే జరిగింది. యంత్రం చేసిన ఆ తెలుగుని మేం మూడు వారాలపాటు పంచాంగం చదివినంత నమ్మకంగా చదివాం.

ఆవిడ మొదటి అవతారం పదహారేళ్ళప్పటిది. ముగ్గురు అమ్మాయిల జట్టులో మధ్యపిల్ల. తెల్ల గౌను, తెల్ల మేజోళ్ళు, కళ్ళనిండా నీళ్ళు. పాడుతున్నది విరహగీతమని ముఖం చూస్తేనే తెలుస్తోంది. కింద తెలుగులో మాత్రం ఇలా వచ్చింది: "నా ముక్కు మీద మిఠాయి కురిసింది. పుల్లల మీద నీ కోసం నిలబడ్డాను. ముక్కు రాలిపోయింది, నువ్వు రాలేదు."

అక్క కాసేపు ఆలోచించింది. "మస్తు లోతున్నదే పాటల," అంది.

జట్టు విడిపోయాక ఈకలు మొదలయ్యాయి. ఈకల కాలం ఏళ్ళ తరబడి నడిచింది. ఒక కచేరీలో ఈక ఊడి గొంతులో పడితే, ఆఖరి చరణమంతా దగ్గుతూనే పాడింది. జనం అదేదో కొత్త బాణీ అనుకుని లేచి చప్పట్లు కొట్టారు. తరువాతి పాటలో ఈక లేకుండానే దగ్గింది. నేనైతే అక్కడే స్టేజీ దిగి పారిపోయేదాన్ని. ఆవిడకి సిగ్గు అనేది దేవుడు ఇవ్వలేదో, ఇస్తే తిరిగి ఇచ్చేసిందో తెలియదు.

ఈకలకి గిరాకీ తగ్గగానే సినిమాల్లోకి దూకింది. మొదటి సినిమాలో దెయ్యం. ఊరగాయల కొట్టులో, మనిషెత్తు జాడీలోంచి మూత నెత్తిన పెట్టుకుని పైకి లేస్తుంది. ఆ రోజు నుంచి అక్క ఆవకాయ సీసా తెరిచే ముందు రెండుసార్లు తట్టేది. తరువాత పాతకాలపు సీరియల్లో గయ్యాళి అత్తగారు. ఈకల్లేవు, నగల్లేవు, బూడిదరంగు పట్టుబట్ట. తలుపు పక్కకి జరిపి, కోడలు కాచిన చారు ఒక్క గుక్క తాగి, గిన్నె కింద పెట్టి అంటుంది: "వంతెన పట్టుకోవడం రాని కోడలు నా ఇంట్లో వద్దు." పాపం ఆ కోడలు వంతెన ఎక్కడి నుంచి పట్టుకొస్తుంది! అక్క కళ్ళు తుడుచుకుంది. తనకి రాబోయే అత్తగారు గుర్తొచ్చిందట.

ఆ సీరియల్ కూడా అయిపోయాక ఆవిడ టీవీలో వాతావరణం చదివింది. అందులో మళ్ళీ ఈకలు. దేశపటం ముందు నిలబడి, భుజాన నెమలికన్నులు ఊగుతుంటే, గంభీరంగా చెప్పేది: "రేపు ఉదయం సాలెపురుగులు దట్టంగా ఉంటాయి. మధ్యాహ్నం నుంచి మిఠాయిలు. బయటికి వెళ్ళేవారు గొడుగు మరవకండి." జపాన్‌లో ఉండే ఇబ్బందులు మనకేం తెలుసు అనుకున్నాం. బాతెల్‌లో ఏడాదిలో సగం రోజులు వానే కాబట్టి, ఆ గొడుగు మాట పట్టుకుని అక్క పొద్దున్నే కిటికీలోంచి చూసి "ఇయ్యాల గూడ మిఠాయిలేనే" అని నిట్టూర్చి జాకెట్ తొడుక్కునేది.

నవ్వుతూ చూసేదాన్ని గానీ లోపల నాకు కుళ్ళుగా ఉండేది. ఈవిడకి ఒక్క జన్మలో ఇన్ని ఉద్యోగాలా? ఇంత చదువు చదివి నాకు ఒక్కటి దొరకదా? అప్పటికి పదకొండు ఇంటర్వ్యూలు అయ్యాయి. "వి విల్ గెట్ బ్యాక్" అని వాళ్ళంటే నాకు "గో బ్యాక్" అనే వినబడేది.

ఇక్కడ నా జడ గురించి చెప్పాలి. మా అమ్మకి తెనాలిలో బ్యూటీ పార్లర్ ఉంది. దాని బోర్డు మీద ఉన్నది నా వీపు. ముఖం లేదు, వీపూ దాని మీద మోకాళ్ళు దాటిన జడ మాత్రమే. నాకు పదో తరగతిలో తీయించిన ఫొటో అది. గుంటగలగరాకు, మందారం, మెంతులు వేసి అమ్మ స్వయంగా కాచే నూనెకి నేను నడిచే సాక్ష్యం. స్కూల్లో జడపిల్ల, కాలేజీలో జడ, చుట్టాల పెళ్ళిళ్ళలో "అదిగో ఆ జడమ్మాయి." నా పేరు తెలియని పిన్నమ్మలు ఉన్నారు, నా జడ పొడుగు తెలియని పిన్నమ్మలు లేరు. ప్రతి శనివారం సాయంత్రం అమ్మ వీడియో కాల్ చేసేది. అక్కడ ఆదివారం పొద్దు, పార్లర్ కిటకిటలాడుతూ ఉంటుంది. "ఏదీ తల్లీ, ఒక్కసారి వెనక్కి తిరుగు, వీళ్ళు చూస్తారంట," అనేది. నేను తిరిగి గోడకేసి చూస్తూ నిలబడేదాన్ని. వెనక నుంచి ఆహా ఓహోలు వినిపించేవి.

డెబ్భై ఒకటో రోజు సాయంత్రం ఈకలావిడ ఇంటర్వ్యూ ఒకటి దొరికింది. చూసి అదిరిపడ్డాం. తల మీద వెంట్రుక లేదు, నున్నటి గుండు! సన్యాసిని వేషం వేసిన కొత్త సినిమా అప్పుడే పెద్ద హిట్టయిందట. ఎదురుగా కూర్చున్నాయన ఏదో అడిగాడు. ఆవిడ మొదటిసారి నవ్వకుండా, చేతులు ఒళ్ళో పెట్టుకుని మెల్లిగా చెప్పింది. కింద అక్షరాలు ఇలా వచ్చాయి: "రెండేళ్ళు నాకు పని లేదు. చివరికి అంతా జుట్టుకే అప్పగించాను. వెంటనే పని దొరికింది."

అక్క పళ్ళెం కింద పెట్టేసింది. "అయ్యో! తలనీలాలిచ్చిందే!"

"జపాన్‌లో తలనీలాలేంటక్కా?"

"ఏ దేశమైతే ఏందే? కష్టమొచ్చింది, మొక్కుకుంది, గుండు కొట్టించుకుంది, పని దొరికింది. ఇంత క్లియర్‌గ రాసుంటే గూడ డౌటా?"

నిజమే, అంత స్పష్టంగా ఇంకెక్కడా లేదు. ముక్కులు రాలడం, సాలెపురుగులు కమ్ముకోవడం మాకు అర్థం కాలేదు గానీ ఇది మాత్రం మా ఇంటి సంగతిలా అర్థమైపోయింది. ఇద్దరం లేచి, అక్క మసాలా డబ్బాల పక్కన పెట్టుకున్న ఏడుకొండలవాడి పటం ముందు నిలబడ్డాం. "స్వామీ, తొంభై రోజుల్లోపల జాబ్ వస్తే గుండు కొట్టించుకుని తలనీలాలిస్తాను," అని మొక్కేశాను. ఆ క్షణంలో నాకు జడ కన్నా క్యాలెండరే పెద్దగా కనిపించింది. రానిది వస్తేగా ఇచ్చేది అన్న ధీమా కూడా కొంత ఉంది.

ఎనభై మూడో రోజున వచ్చింది. పళ్ళ డాక్టర్లకి సాఫ్ట్‌వేర్ చేసే చిన్న కంపెనీ, అందులో టెస్టింగ్ పని. ఎగిరి గంతేశాను. గంతేసినప్పుడు జడ వీపుకి ఠపీమని తగిలింది. అప్పుడు గుర్తొచ్చి చతికిలబడ్డాను.

ఇక అక్కడి నుంచి నేను చేసిన నాటకాలు ఇన్నీ అన్నీ కావు. ముందు గుడికి ఫోన్ చేశాను. పూజారిగారు చాలా సౌమ్యంగా, "ఇక్కడ ఆ ఏర్పాటు లేదమ్మా. కత్తులూ అవీ అంటే ఇన్సూరెన్స్ వాళ్ళు ఒప్పుకోరు. అయినా ఆడపిల్లవి, మూడు కత్తెర్లిస్తే సరిపోతుంది తల్లీ," అన్నారు. ఆ మాటకి నాకు ప్రాణం లేచొచ్చింది. అక్క ఒప్పుకోలేదు.

"మొక్కినప్పుడు మూడు కత్తెర్లన్నవా, గుండన్నవా?"

"గుండనే అన్నాను."

"మరి? జాబ్‌కి అప్లై చేసేటప్పుడు ఫుల్ టైమని, వచ్చినంక వారానికి మూడు గంటలే చేస్తనంటే ఊకుంటరా?"

ఉద్యోగంలో చేరాను. జడతోనే చేరాను. ఆ మర్నాటి నుంచి ఇంట్లో ఏం జరిగినా అక్క దాన్ని నా మొక్కు ఖాతాలోనే వేసేది. కుక్కర్ విజిల్ రాకపోతే మొక్కు, బస్సు తప్పిపోతే మొక్కు, దోసె పెనానికి అంటుకుంటే మొక్కు. "ఆయన వడ్డీకాసులవాడే. ఇట్లనే లేట్ చేసినవనుకో, కనుబొమ్మలు గూడ అడుగుతడు," అని బెదిరించేది. నేను అద్దంలో కనుబొమ్మలు చూసుకుంటూ పళ్ళు తోముకునేదాన్ని. నిజం చెప్పాలంటే నా భయం స్వామి మీద కాదు. ఆయన ఎన్ని వాయిదాలు చూసుంటాడు! నా భయమంతా అమ్మే. గుండుతో కనిపిస్తే అమ్మ ఏమైపోతుంది? పార్లరు ఏమైపోతుంది? కూతురికే జుట్టు నిలవని నూనె ఎవరు కొంటారు?

ఆఫీసులో నా పక్క సీటు ఒక జపాన్ ఆవిడది. యాభై దాటిన మనిషి, ఒసాకాలో పుట్టి పెరిగిందట. ఒక మధ్యాహ్నం లంచ్‌లో ఈకలావిడ ప్రస్తావన తెచ్చాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది. చిన్నప్పుడు ఆ ఊరగాయ దెయ్యం సినిమాకి వెళ్ళి, నెల రోజులు ఊరగాయ ముట్టలేదట. నేను ఫోన్లో ఆ ఇంటర్వ్యూ పెట్టి, మా తెలుగు అక్షరాల్ని ఇంగ్లీష్‌లోకి మార్చి చెప్పాను: అంతా జుట్టుకే అప్పగించాను, వెంటనే పని దొరికింది.

ఆవిడకి పొలమారింది. వీపు నిమిరి నీళ్ళిచ్చాను. తేరుకుని, ముక్కు తుడుచుకుని, ఓపిగ్గా వివరించింది. వాళ్ళ భాషలో దేవుణ్ణీ "కామి" అంటారు, జుట్టునీ "కామి" అంటారు. ఆవిడ అన్నది, అంతా దేవుడికే వదిలేశాను అని. మన వాళ్ళు దేవుడి మీద భారం వేశాననరూ, అదీ. పువ్వుకీ ముక్కుకీ ఒకటే మాట, వానకీ మిఠాయికీ ఒకటే మాట, మబ్బుకీ సాలెపురుగుకీ ఒకటే. వాళ్ళు అన్నం తినే పుల్లలూ వంతెనా కూడా అంతే. పాపం ఆ పిల్ల వానలో పూలు రాలుతుంటే వంతెన మీద ప్రియుడి కోసం నిలబడిందన్న మాట. మేమేమో ముక్కు రాలిందని బాధపడ్డాం.

"మరి గుండు?" అన్నాను.

"అది సినిమా వేషంలోని రబ్బరు టోపీ. దురద పెడుతోందని అదే ఇంటర్వ్యూలో చివర్న చెప్పింది కదా," అంది. మేం అంతవరకు చూడలేదు. మధ్యలోనే లేచి మొక్కేసుకున్నాం.

"అయితే ఆవిడ అసలు జుట్టు..."

"అసలు జుట్టా? అది ఎవరూ చూడలేదు. అన్నీ విగ్గులే. పదహారేళ్ళప్పటి నుంచీ మగపిల్లాడిలా కత్తిరించుకునే ఉంటుందట. అలా అయితేనే ఏ తలైనా పెట్టుకోవచ్చు అంటుంది."

బస్సులో ఇంటికొస్తుంటే నాకు సంతోషంతో పాట పాడాలనిపించింది. గండం గడిచింది. ఇవ్వని తలనీలాలు చూసి మొక్కుకున్న మొక్కు చెల్లుతుందా? యంత్రం పొరపాటుకి నా జడ బలి అవ్వాలా? ఇంటికి రాగానే ఈ వాదన అక్క ముందు పెట్టాను. అక్క విని, కూరలో ఉప్పు చూసి, తీర్పు చెప్పింది.

"ఆమె ఇచ్చిందా ఇయ్యలేదా అన్నది ఆమె ముచ్చట. నువ్వు ఎవరికి మొక్కినవ్? ఆమెకా?"

"స్వామికి."

"స్వామికి తెలుగొచ్చు గదా? ట్రాన్స్‌లేషన్ మిస్టేక్ లేదు గదా?"

నేను పళ్ళేలు తీసి పెట్టాను. ఆ మనిషితో వాదించి ఎవరు గెలిచారు కనక! అయినా మనసులో మాత్రం ఎగ్గొట్టడానికే నిశ్చయించుకున్నాను.

ఆ వారమే ఆఫీసులో నేనొక పెద్ద తప్పు పట్టుకున్నాను. మా సాఫ్ట్‌వేర్‌లో పై దవడ పన్ను నొక్కితే కింది దవడ పన్ను పీకాలని రాసుకుంటోంది. నేను చూడకపోతే అది అలాగే డాక్టర్ల దగ్గరికి వెళ్ళిపోయేది. మా మేనేజర్ అందరి ముందూ నిలబెట్టి మెచ్చుకున్నాడు. నాకు చప్పట్లు కొట్టారు, జీవితంలో మొదటిసారి నా ముఖానికి. శనివారం ఎప్పుడొస్తుందా, అమ్మకి ఎప్పుడు చెబుతానా అని కూర్చున్నాను.

కాల్ వచ్చింది. పన్ను సంగతంతా చేతులు తిప్పుతూ చెప్పుకొచ్చాను. అమ్మ "ఆఁ... ఆఁ..." అంటూ ఎవరికో గోరింటాకు కోన్ అందిస్తోంది. నేను పూర్తి చేయగానే, "మంచిది తల్లీ, నాకు తెలుసు నువ్వు తెలివైనదానివని. ఏదీ, ఒక్కసారి వెనక్కి తిరుగు, ఈ పెళ్ళికూతురు చూస్తదంట," అంది.

నేను తిరగలేదు. ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. "సిగ్నల్ లేదమ్మా," అని కాల్ కట్ చేసేశాను. మంచం మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. అమ్మ మీద కోపం, జడ మీద కోపం, ఇన్నాళ్ళూ చెప్పగానే గోడకేసి తిరిగిన నా మీద ఇంకా కోపం. నాకు జడ ఉంటే తప్పు లేదు. నేను లేకపోయినా జడ ఉంటే చాలన్నట్టు ఉండటం నాకు నచ్చలేదు. మొక్కు కోసమా, మొండితనం కోసమా అంటే అప్పుడూ తేల్చుకోలేదు, ఇప్పుడూ తేలదు. మర్నాడు పొద్దున్న అక్క కాఫీ కలుపుతుంటే వెళ్ళి, "ఇవాళ చెల్లించేద్దాం," అన్నాను.

అక్క నా ముఖంలోకి చూసి కాఫీ పక్కన పెట్టేసింది. బీరువాలోంచి ట్రిమ్మర్ తీసింది. ఎప్పుడో కొని పెట్టిందట, వెనక్కి ఇచ్చేయడానికి ఇంకా నాలుగు రోజులు గడువుందట. నన్ను స్నానాల తొట్టి అంచు మీద కూర్చోబెట్టి, మెడ చుట్టూ పాత బెడ్‌షీట్ కట్టి, కొత్తిమీర కత్తిరించే కత్తెరతో ముందు జడ కోసింది. అది కోయడానికే నాలుగు నిమిషాలు పట్టింది. తల ఒక్కసారిగా తేలికైపోయి ముందుకి తూలాను. జడని జిప్‌లాక్ కవర్‌లో పెట్టి, గాలి తీసి, తేదీ కూడా రాసింది, ఫ్రీజర్‌లో పెట్టే ములక్కాడలకి రాసినట్టు. తరువాత ట్రిమ్మర్ మొదలుపెట్టింది. నడినెత్తి అయింది, ఎడమవైపు అయింది, కుడివైపుకి వచ్చేసరికి ట్రిమ్మర్ గుర్రుమని మూలిగి ఆగిపోయింది. ఛార్జింగ్ లేదు.

"పది నిమిషాలాగు," అని దాన్ని ఛార్జింగ్‌కి పెట్టి, ఖాళీగా ఎందుకని మా ఊరి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో నా ఫోన్‌తోనే మెసేజ్ పెట్టింది: "ఎవరైనా ఇండియా పోతున్నారా? తిరుపతికి ఒక జడ పంపాలి. బరువుండదు." వెంటనే జవాబులు. జడంటే పూలజడా అని ఒకరు, కస్టమ్స్‌లో ఏమని చెప్పాలని ఒకరు, వెళ్ళేవాళ్ళెవరైనా వచ్చేటప్పుడు మా అత్తగారి గోంగూర పచ్చడి తెస్తారా అని ఇంకొకరు. ఇద్దరం పడీ పడీ నవ్వుతున్నాం. ఫోన్ మోగింది. గోంగూర ఆవిడే అనుకుని, నవ్వుతూనే ఎత్తేశాను.

అమ్మ. వీడియో కాల్.

నిన్న కాల్ కట్టయిన దగ్గర్నుంచి మనసు బాగోలేదట, పార్లర్ మూసేసి ఇంటికొచ్చి చేసింది. తెరలో నా ముఖం నాకే కనిపించింది. ముప్పావు గుండు, కుడిచెవి పైన మాత్రం పిచ్చుకగూడంత జుట్టు. నవ్వు అలాగే ముఖం మీద ఆగిపోయింది.

అమ్మ ఫోన్‌ని ముఖానికి దగ్గరగా తెచ్చుకుంది. సీలింగ్ ఫ్యాన్ చప్పుడు మాత్రం వినబడుతోంది. నేను మొక్కు అన్నాను, తొంభై రోజులన్నాను, ఈకలావిడ అన్నాను, కామి అన్నాను, రబ్బరు టోపీ అన్నాను. నాకే ఏమీ అర్థం కాలేదు. చివరికి, "నేను పన్ను గురించి చెప్తే నువ్వు వినలేదమ్మా," అని ఏడ్చేశాను.

అమ్మ కళ్ళజోడు తగిలించుకుంది. "ఎవరే అట్టా గీసింది?"

అక్క భయంభయంగా తెరలోకి తల పెట్టింది. "నేనే ఆంటీ."

"ముందు నుంచి వెనక్కి లాగావు కదమ్మా? ఎదురు లాగావు. చూడు ఎట్టా కందిపోయిందో. పొడి తలమీద ఎవరన్నా గీస్తారా?"

"యూట్యూబ్‌ల చూసిన ఆంటీ."

"యూట్యూబ్ తగలెయ్య. దాని తలమీద చెయ్యి పెట్టేముందు నాకొక ఫోన్ చేస్తే నీ సొమ్మేం పోయింది? ఇరవై ఏళ్ళ నుంచి చేస్తున్నాను ఈ పని. వేణ్ణీళ్ళు పెట్టు. కొబ్బరినూనె ఉందా?"

"ఉంది ఆంటీ."

"రాసి పది నిమిషాలు నాననివ్వు. ఆ మిషను అవతల పారేయ్. కొత్త రేజర్ ఉంటే తీసుకో. రేజర్ని పడుకోబెట్టి పట్టు, నిలబెట్టబాక, తెగుద్ది."

"అమ్మా, మరి బోర్డు?" అన్నాను.

"బోర్డు సంగతి నీకెందుకు? నువ్వు కదలకు." కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఆ పన్ను సంగతి మళ్ళీ చెప్పు. ఏ పన్ను నొక్కితే ఏ పన్ను పీకుతుంది?"

ఫోన్‌ని షాంపూ సీసాకి ఆనించి నిలబెట్టాం. నేను పై దవడ, కింది దవడ అని చెబుతూ ఉంటే అమ్మ నిజంగానే వింది, మధ్యలో రెండు ప్రశ్నలు కూడా వేసింది. అక్క నూనె రాసిన తల మీద అమ్మ చెప్పినట్టే రేజర్ నడుపుతోంది. ఇలా కాదు, అలా. ఇంకొంచెం కిందికి. చర్మం లాగి పట్టు. తెనాలిలో కూర్చుని అమ్మ వేళ్ళు గాల్లో కదులుతున్నాయి.

"కుడిచెవి వెనక జాగ్రత్తమ్మాయ్," అంది ఉన్నట్టుండి. "అక్కడ దానికి పుట్టుమచ్చ ఉంటది."

నాకు తెలియదు. పాతికేళ్ళు ఆ తల మోశాను, అక్కడ మచ్చ ఉందని నాకెవరూ చెప్పలేదు.

అక్క చెవి మడిచి మెల్లగా గీసి, నీళ్ళతో తుడిచి చూసింది. "ఉన్నది ఆంటీ. కందిగింజంత."

"ఫోన్ దగ్గర పెట్టు."

అక్క పెట్టింది. అవతల అమ్మ ముక్కు చీదుకోవడం వినిపించింది.

"పుట్టువెంట్రుకలు తీయించిన రోజు చూశాను," అంది. "ఆ తర్వాత నూనెలు రాసి రాసి నేనే కప్పేశానే దాన్ని."